టైటానిక్ ఆఫీసర్, పాత పడవ, మూడు ఇంజన్లు: సన్‌డౌనర్ కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక పడవ గురించి. పేరు సన్‌డౌనర్. పొడవు 58 అడుగులు, అంటే మన సిటీ బస్సు ఒకటిన్నర పొడవు ఉంటుంది. చూడ్డానికి పెద్ద ప్రత్యేకత ఏమీ లేని చెక్క పడవ. కానీ దీన్ని నడిపిన మనిషి ఎవరో, ఇది చేసిన పని ఏంటో తెలిస్తే మాత్రం మర్చిపోలేరు.

1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున టైటానిక్ మునిగిపోయింది. ఆ ఓడ ఆఫీసర్లలో బతికి బయటపడ్డ వాళ్లందరిలో సీనియర్ చార్లెస్ లైటోలర్. సెకండ్ ఆఫీసర్. అప్పటికి ఆయన వయసు 38. గడ్డకట్టే నీళ్లలో తలకిందులైపోయిన ఒక చిన్న పడవ ఎక్కి, దాని వీపు మీద నిలబడి, తెల్లారేదాకా మిగతా వాళ్లని కూడా బ్యాలెన్స్ తప్పకుండా నిలబెట్టాడు.

ఇప్పుడు చూడండి, అదే 1912లో బ్రిటిష్ నౌకాదళం కోసం ఒక చిన్న ఆవిరి పడవ తయారైంది. ఆ పడవకీ లైటోలర్‌కీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. సరిగ్గా 28 ఏళ్ల తర్వాత, 1940 జూన్ 1న, ఈ ఇద్దరూ కలిసి డన్‌కర్క్ నుంచి సుమారు 130 మందిని ఇంటికి చేర్చారు. నోలన్ తీసిన "డన్‌కర్క్" సినిమా చూసినవాళ్లకి కొడుకుతో కలిసి సొంత పడవలో యుద్ధంలోకి వెళ్లే పెద్దాయన గుర్తుండే ఉంటాడు. ఆ పాత్ర లైటోలర్ కథకి చాలా దగ్గరగా ఉంటుంది.

అయితే సినిమాలో లేని ముక్క ఒకటి ఉంది, నాకు నచ్చింది అదే. ఆ రోజు సన్‌డౌనర్‌లో తిరుగుతున్నది 1912 నాటి ఇంజన్ కాదు. అప్పటికి రెండుసార్లు ఇంజన్ మారిపోయింది. ఆవిరి పోయి పెట్రోల్-కిరసనాయిల్ వచ్చింది, అది పోయి డీజిల్ వచ్చింది. ఈ మార్పులు ఎందుకు చేశారు, ఎలా చేస్తారు, వాటి వల్ల ఏం జరిగింది? ఇవాళ మాట్లాడుకునేది ఇదే.

మొదట ఆ ఆవిరి పడవ సంగతి. ఇలాంటి వాటిని పినెస్ అంటారు. పెద్ద యుద్ధనౌక ఒడ్డుకి దూరంగా లంగరు వేస్తే ఆఫీసర్లనీ, ఉత్తరాలనీ, సామాన్లనీ ఒడ్డుకి చేర్చే పడవ అన్నమాట. మధ్యలో బాయిలర్, పక్కన బొగ్గు, వెనక ఇంజన్. మనుషులు కూర్చునేది మిగిలిన చోట్లో. నౌకాదళానికి ఇది ఇబ్బంది కాదు. నిప్పు చూసుకోవడానికి మనుషులున్నారు, బొగ్గు ప్రభుత్వానిది.

1929లో లైటోలర్ ఈ పడవని కొన్నాడు. అప్పటికే సముద్రపు ఉద్యోగం మానేశాడు. టైటానిక్‌లో బతికిన ఆఫీసర్లు ఎవ్వరికీ ఆ కంపెనీలో సొంతంగా ఓడ కెప్టెన్ అయ్యే అవకాశం రాలేదు. లైటోలర్‌కీ రాలేదు. కాబట్టి ఈ పాత పడవ ఆయనకి ఒక రకంగా సొంత ఓడ. భార్య సిల్వియాతో కలిసి తిరగడానికి కేబిన్లున్న పడవగా మార్పించుకోవాలనుకున్నాడు. ఆవిడ ఆస్ట్రేలియా మనిషి. పొద్దుగూకే వేళకి ఏదో ఒక ఇంటి ముందు ప్రత్యక్షమయ్యే దేశదిమ్మరిని అక్కడ సన్‌డౌనర్ అంటారు. ఆ పేరు పెట్టింది ఆవిడే.

ఇప్పుడు మీరు లైటోలర్ స్థానంలో ఉన్నారనుకోండి. ఆవిరి ఇంజన్ ఉంచుతారా, తీసేస్తారా?

ఉంచితే ఏమవుతుందో చూద్దాం. ఎక్కడికైనా వెళ్లాలంటే చాలాముందే నిప్పు రాజెయ్యాలి. నీళ్లు కాగి, ఆవిరి పీడనం వచ్చేదాకా కదలదు. బొగ్గు వెయ్యడానికి ఒక మనిషి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, పడవలో నడిమి భాగమంతా బాయిలరే తినేస్తుంది. తీసేస్తే అక్కడ కేబిన్ వస్తుంది. ఆయన తీసేయించాడు. పడవ వెనక భాగాన్ని కొత్తగా కట్టించి పొడవు పెంచారు. 60 హార్స్‌పవర్ పార్సన్స్ ఇంజన్ పెట్టారు. 1930లో సన్‌డౌనర్ కొత్త రూపంతో నీళ్లలోకి దిగింది.

ఇంజన్ మార్చడం అంటే ఫోన్‌లో బ్యాటరీ మార్చినట్టు అనుకోకండి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు పాత సిస్టమ్‌లో ఒక్క మాడ్యూల్ మార్చమంటే గుండెలు జారిపోయేవి. ఒకటి కదిపితే పది చోట్ల కదులుతుంది. పడవ కూడా అంతే.

మొదటి సమస్య వెనక్కి వెళ్లడం. పాత ఆవిరి రైలింజన్ గుర్తుందా? గేర్‌బాక్స్ లేకుండానే ముందుకీ వెనక్కీ పోయేది. సిలిండర్‌లోకి ఆవిరి ఎప్పుడు, ఎటువైపు నుంచి పోవాలో చెప్పే వాల్వుల లివర్‌ని తిప్పితే ఇంజనే రివర్స్‌లో తిరుగుతుంది. ఆవిరి పడవలోనూ ఇదే పద్ధతి. టర్బైన్ వేరే కథ, అది ఒకవైపే తిరుగుతుంది. టైటానిక్‌కి మూడు ప్రొపెల్లర్లు ఉంటే, మధ్య దాన్ని తిప్పేది టర్బైన్. ఓడ వెనక్కి వెళ్లాలంటే అది పనికిరాదు, పక్కనున్న రెండే దిక్కు.

పెట్రోల్, డీజిల్ ఇంజన్లు కూడా మామూలుగా ఒకవైపే తిరుగుతాయి. అందుకే ఆవిరి తీసి వీటిని పెడితే ఇంజన్ ఒక్కటే కొంటే సరిపోదు, వెంట గేర్‌బాక్స్ కూడా రావాలి. పడవకి బ్రేకులుండవు కదా. ఆగాలంటే ప్రొపెల్లర్‌ని వెనక్కి తిప్పడమే. అంటే రివర్స్ గేరే పడవకి బ్రేకు. అది పని చెయ్యకపోతే గట్టుని గుద్దాక ఆగుతుంది.

రెండో సమస్య వేగం. ఆవిరి ఇంజన్ నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. పెద్ద ప్రొపెల్లర్‌ని నేరుగా తిప్పేస్తుంది. కొత్త ఇంజన్ చిన్నది, కానీ గబగబా తిరుగుతుంది. ఆ వేగాన్ని నేరుగా ప్రొపెల్లర్‌కి ఇస్తే నీళ్లు నురగవుతాయి తప్ప పడవ ముందుకి పోదు. కవ్వం మరీ జోరుగా తిప్పితే మజ్జిగ చిందినట్టు. అందుకని వేగాన్ని తగ్గించే గేర్లు పెట్టాలి, లేదంటే ఆ వేగానికి తగ్గ వేరే ప్రొపెల్లర్ పెట్టాలి. సైజు తప్పితే ఇంజన్ మీద మొయ్యలేనంత భారం పడుతుంది, లేదంటే ఇంజన్ ఉత్తినే అరుస్తుంది.

మూడోది బరువు. బాయిలర్, అందులో నీళ్లు, బొగ్గు... ఇవన్నీ తీసేస్తే పడవ నీళ్లలో పైకి తేలుతుంది. ముందో వెనకో ఒరుగుతుంది కూడా. కొత్త బరువు ఎక్కడ పెట్టాలో లెక్క వెయ్యాలి.

నాలుగోది సూటిగా బిగించడం. ఇంజన్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ మూడూ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వణుకు మొదలవుతుంది, బేరింగులు అరిగిపోతాయి. చెక్క పడవని ఒడ్డున పెడితే ఒక ఆకారం, నీళ్లలో దింపితే ఇంకో ఆకారం. కాస్త వంగుతుంది. అందుకే ఒడ్డున ఎంత బాగా బిగించినా, పడవని నీళ్లలోకి దింపాక మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

సరే, ఇక ఇంధనం. పార్సన్స్ ఇంజన్ పెట్రోల్‌తో స్టార్టయి, వేడెక్కాక కిరసనాయిల్ మీద నడిచే రకం. మన పల్లెల్లో పొలాల దగ్గర చూసే ఉంటారు, పెట్రోల్ పోసి స్టార్ట్ చేసి తర్వాత కిరసనాయిల్‌కి మార్చే చిన్న పంపుసెట్లు. అదే సూత్రం. కిరసనాయిల్ చవక. కానీ పడవలో పెట్రోల్ ఉండటమే ఒక భయం. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. రోడ్డు మీద బండిలో కారితే గాలికి పోతుంది. పడవలో కారితే కిందికి దిగి అడుగున చేరుతుంది, పోయే దారి ఉండదు. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా ఆ ఇంజన్ నడవాలంటే స్పార్క్ ఉండాలి, ఉప్పు తేమకి ఆ వైర్లు పాడవుతాయి.

డీజిల్‌కి ఈ రెండు బాధలూ తక్కువ. అంత తేలిగ్గా అంటుకోదు. స్పార్క్ అక్కర్లేదు, గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే మండుతుంది. బరువెక్కువే, కానీ తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోతుంది. 1930ల్లోనే లైటోలర్ పార్సన్స్ తీసేసి 72 హార్స్‌పవర్ గ్లెనిఫర్ డీజిల్ పెట్టించాడు. దాంతో సన్‌డౌనర్ వేగం 10 నాట్ల దాకా వచ్చింది, అంటే గంటకి 18 కిలోమీటర్ల పైమాటే. మీ స్కూటీ కన్నా తక్కువే. కానీ ఆ అంకె గుర్తుపెట్టుకోండి.

1940 మే నెలాఖరు. ఫ్రాన్స్ తీరంలో డన్‌కర్క్ దగ్గర బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు చిక్కుకుపోయాయి. మే 26న మొదలై జూన్ 4 దాకా సాగిన ఆపరేషన్ డైనమోలో మొత్తం 3,38,226 మందిని దాటించారు. డోవర్ నుంచి దగ్గరి దారి 39 నాటికల్ మైళ్లు, కానీ దాని పక్కనే కాలే తీరంలో జర్మన్ ఫిరంగులు. అందుకని 87 మైళ్ల దారి, తర్వాత 55 మైళ్ల దారి వాడారు.

నౌకాదళం నుంచి లైటోలర్‌కి కబురొచ్చింది. పడవని రామ్స్‌గేట్‌కి తెచ్చి అప్పగించండి, మా వాళ్లు నడుపుతారు అన్నారు. ఆయన కుదరదన్నాడు. పడవ వెళ్తే నడిపేది నేనే అన్నాడు. వయసు 66. వెంట పెద్దకొడుకు రోజర్, జెరాల్డ్ యాష్‌క్రాఫ్ట్ అనే 18 ఏళ్ల సీ స్కౌట్. అంతే, ముగ్గురు. బయల్దేరే ముందు రాత్రంతా కూర్చుని తెరచాప కొయ్యలతో సహా ఊడేవన్నీ ఊడదీసి పడవని తేలిక చేశారు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. 1912 నాటి బాయిలర్ ఇంకా ఉండుంటే? బొగ్గు వెయ్యడానికి ఇంకో మనిషి కావాలి. గొట్టంలోంచి పొగ. మధ్యలో మనుషులు పట్టే చోటే ఉండదు. రిపేర్ చేయించింది భార్యతో సరదాగా తిరగడానికి, కానీ ఆ ఖాళీ చేసిన చోటే తర్వాత ప్రాణాలు నిలిపింది.

జూన్ 1న దాటుతుండగా దారిలో వెస్టర్లీ అనే 25 అడుగుల మోటార్ పడవ కనిపించింది. ఇంజన్ ఆగిపోయింది, మంటలు లేచాయి. అందులో ఐదుగురు. లైటోలర్ పక్కకి పోనిచ్చి వాళ్లని ఎక్కించుకున్నాడు. పాపం వాళ్లు డన్‌కర్క్ నుంచి తప్పించుకొస్తున్నారు, ఈయన వాళ్లని తిరిగి డన్‌కర్క్‌కే తీసుకెళ్లాడు.

పైనుంచి విమానాలు. ఇక్కడ ఆయన చిన్నకొడుకు బ్రయాన్ గురించి చెప్పాలి. బ్రయాన్ వైమానిక దళంలో పైలట్. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, విల్‌హెల్మ్స్‌హావెన్ మీద జరిగిన దాడిలో చనిపోయాడు. విమానం ఎలా గురి పెడుతుందో, ఎలా తప్పించుకోవాలో ఇంట్లో మాటల్లో నాన్నకి చెప్పేవాడు. ఆ మాటలే ఇప్పుడు పనికొచ్చాయి. విమానం గురి కుదుర్చుకునేదాకా ఆగి, ఆఖరి క్షణంలో చుక్కాని పూర్తిగా తిప్పెయ్యడం. మా వాడు తెలియకుండానే మమ్మల్ని కాపాడాడు అన్న అర్థంలో లైటోలర్ తర్వాత రాసుకున్నాడు.

డన్‌కర్క్‌లో వోర్సెస్టర్ అనే డిస్ట్రాయర్ పక్కన పడవని ఆపి సైనికులని ఎక్కించుకున్నారు. అంతకుముందు ఆ పడవ 21 మందికి మించి మోసింది లేదు. కింద కేబిన్లలో రోజర్ సర్దుతున్నాడు. యాభై మంది అయ్యాక ఎలా ఉందని అడిగితే, ఇంకా బోలెడు చోటుంది అన్నాడు. డెబ్భై అయిదు దాటాక ఇరుగ్గా ఉందని ఒప్పుకున్నాడు. తర్వాత డెక్ మీద. పడవ ఊగే తీరు చూసి ఇక చాలు అన్నాడు పెద్దాయన. తిరుగు దారిలో పక్కనుంచి దూసుకుపోయే పెద్ద ఓడల అలలే ఒక పెద్ద తలనొప్పి. ఆ బరువుతో ఒక్క అల పక్కనుంచి గట్టిగా తగిలితే కథ ముగిసేది. రామ్స్‌గేట్‌లో ఒక్కొక్కరూ దిగుతుంటే, వీళ్లందర్నీ ఎక్కడ పెట్టావయ్యా అని అక్కడి నావికుడు నోరెళ్లబెట్టాడు.

లైటోలర్‌కి యుద్ధం ఇంకో కొడుకుని కూడా మిగల్చలేదు. ఆ రోజు కేబిన్‌లో మనుషుల్ని సర్దిన రోజర్, యుద్ధం చివర్లో, 1945 మార్చిలో గ్రాన్‌విల్ దగ్గర జరిగిన దాడిలో చనిపోయాడు. లైటోలర్ తర్వాత రిచ్‌మండ్‌లో చిన్న బోట్ యార్డ్ నడిపాడు. 1952 డిసెంబర్‌లో కన్నుమూశాడు. పడవ మాత్రం ఇంకా ఉంది, రామ్స్‌గేట్ మ్యూజియం పడవగా దాన్ని కాపాడారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక పాత పడవని భద్రపరచాలంటే ఏ ఇంజన్‌తో భద్రపరచాలి? ఒరిజినల్ కావాలి అంటే 1912 నాటి ఆవిరి ఇంజన్ పెట్టాలి. కానీ అలా చేస్తే డన్‌కర్క్‌కి వెళ్లిన సన్‌డౌనర్ పోతుంది. కొత్త ఇంజన్ పెడితే చరిత్ర పాడవుతుంది అనేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. పాత కారు, పాత గడియారం, పాత ఇల్లు, దేని దగ్గరైనా ఈ గొడవ వస్తుంది. వాళ్ల బాధలో నిజం లేకపోలేదు. తీసేసిన భాగం మళ్లీ రాదు, కాబట్టి తీసేముందు ఫొటోలూ కొలతలూ దాచుకోవడం మన బాధ్యత.

నా అభిప్రాయం ఏంటంటే, సన్‌డౌనర్‌ని గొప్ప పడవ చేసింది ఆ మార్పులే. ఆవిరి ఇంజన్‌తోనే ఉండుంటే మ్యూజియంలో పెట్టేంత కథే దానికి ఉండేది కాదు, ఎప్పుడో కట్టెలకి పోయేది. చెక్క గట్టిగా ఉందని ఒక మనిషి నమ్మాడు, లోపల ఉన్నది మార్చాడు, తర్వాత ఇంకోసారి మార్చాడు. అందుకే అవసరం వచ్చిన రోజున అది కదిలింది. 130 మంది ఇళ్లకి వెళ్లారు.

మీ ఇంట్లో కూడా తాతల నాటిది ఏదో ఒకటి మూల పడి ఉంటుంది. కుట్టుమిషనో, స్కూటరో, పంపుసెట్టో. దాన్ని అలాగే ఉంచాలా, రిపేర్ చేసి వాడాలా? మీరైతే ఏం చేస్తారో కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటా మరి.