ధనియాలు ఒక పాలు మించొద్దు

ధనియాలతో సెంటు చేస్తారా? చేస్తారనే రాశాడు వరాహమిహిరుడు. గ్రహాలు, వానలు, ఇంటి వాస్తు అన్నీ చెప్పిన ఈ ఆరో శతాబ్దపు జ్యోతిష్కుడు, బృహత్సంహితలో ‘గంధయుక్తి’ అని ఒక అధ్యాయమే పెట్టాడు. అందులో పదహారు దినుసుల పట్టీ ఉంది. తుంగముస్తలు, వట్టివేళ్లు, రాతిపువ్వు, దవనం, కచ్చూరాలు, అగరు, చందనం, కర్పూరం... వాటి నడుమ మన పోపుల పెట్టెలోని ధనియాలు!

నన్ను పట్టి కుదిపింది మాత్రం ఆయన లెక్క. పదహారింటిలో ఏ నాలుగు తీసుకున్నా 1,820 జట్లు. ఒక్కో జట్టులో పాళ్లు మార్చుకుంటూ పోతే 96 రకాలు. మొత్తం 1,74,720 పరిమళాలు. కాగితం మీద గుణించి చూశాను, సరిగ్గా సరిపోయింది. ఇంత లెక్క చెప్పి ఒక హెచ్చరిక కూడా చేశాడు: ధనియాలది ఘాటు వాసన, ఒక పాలు మించనివ్వొద్దు, కర్పూరం అంతకన్నా తక్కువే వేయాలి.

ఆ మాట చదవగానే కోడేరులో మా అవ్వ గుర్తొచ్చింది. తలకు పోసుకున్న రోజు కుంపట్లో నిప్పులేసి, చిటికెడు సాంబ్రాణి చల్లి, పైన వెదురు గంప బోర్లించేది. గంప మీద తడి జుట్టు పరుచుకుని కూర్చుంటే, సందుల్లోంచి పొగ లేచి వెంట్రుకల్లోకి ఇంకేది. “ఎక్కువేస్తే దగ్గొస్తది బిడ్డా, తక్కువేస్తే ఆరేలోపే పోతది” అనేది. వరాహమిహిరుడి పేరు ఆమె ఎన్నడూ వినలేదు. పాళ్ల సంగతి మాత్రం ఆయనకు తీసిపోకుండా తెలుసు.

అసలు సాంబ్రాణి మన నేల సరుకు కాదు, సుమత్రా చెట్ల జిగురు. ఆ దారి పట్టుకుని పోతే ఓడల వర్తకుడు అవచి తిప్పయసెట్టి ఎదురవుతాడు. నేను అక్కడే ఆగిపోయాను.

కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డి (1386–1402) ఏటేటా వసంతోత్సవం జరిపేవాడు. చల్లిన కర్పూరం పుణ్యమా అని ‘కర్పూర వసంతరాయలు’ అన్న బిరుదు ఆయనకు స్థిరపడింది. సినారె కావ్యానికీ అదే పేరు. ఆ ఉత్సవానికి సుగంధాలు సమకూర్చిన వర్తకుడు తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఈ సెట్టికే అంకితమిచ్చి, ఆయన ఓడల సరుకంతా ఏకరువు పెట్టాడు. పంజారం నుంచి కర్పూరం, గోవా నుంచి జవ్వాది, భోటదేశం నుంచి కస్తూరి, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. పంజారమంటే సుమత్రా తీరంలోని ఫన్సూరేనని పండితుల మాట. ఈ రోజుల్లో కొత్త సెంటు విడుదలకు సినిమా తారను పిలుస్తారు. తిప్పయసెట్టికి వసంతోత్సవమే విడుదల సభ, రాజే ప్రచారకర్త. పిల్లిని పోలిన జంతువు నుంచి తీసే జవ్వాది, కస్తూరి జింక బొడ్డు దగ్గరి గ్రంథి నుంచి తీసే కస్తూరి... ఇంత ఘాటైన సరుకును రాజూ పూసుకునేవాడు, రాణీ పూసుకునేది. ‘ఆడవాళ్లకు’, ‘మగవాళ్లకు’ అని సీసాలు విడదీయాలన్న ఆలోచన అంగళ్లకు చాలా కాలం తర్వాత పుట్టింది.

ఆ తర్వాతి అయిదు వందల ఏళ్లను గబగబా దాటేస్తాను. హైదరాబాదులో చార్మినార్ చుట్టూ అత్తరు దుకాణాలు వెలిశాయి. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకునే అలవాటు వచ్చింది. మన వట్టివేళ్లే ‘ఖస్’ అని పేరు మార్చుకుని సీసాలోకి చేరాయి.

ఇక 1920ల నాటి ఫ్రాన్స్. ఎర్నెస్ట్ బో అనే పరిమళ నిపుణుడు నంబర్లు వేసిన నమూనాలు పది ముందు పెడితే, దుస్తుల రూపకర్త గాబ్రియెల్ షనెల్ అయిదో నంబరును ఎంచుకుంది. ఆడవాళ్ల సెంట్లలో షనెల్ నంబర్ 5 అంత పేరు మరోదానికి రాలేదు. లక్షా డెబ్బై నాలుగు వేలెక్కడ, పది ఎక్కడ! పైగా ఆ ఒక్క వాసనే లోకమంతా పూసుకోవాలి. సీసా వచ్చాక మనం పోగొట్టుకున్నది పరిమళం కాదు, దాన్ని కలిపే చెయ్యి. కచ్చూరాలు, బావంచాలు ఏ పాళ్లలో దంచాలో తెలిసిన ఆడవాళ్లు ఊరికి ఎందరు మిగిలారు?

ఒక విన్నపంతో ముగిస్తాను. ఉత్తరాదిన కనౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి పాత్రల్లో ఉడికించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టి ‘మిట్టీ అత్తరు’ చేస్తారు. ఆ సీసాలో ఉండేది తొలివాన వాసనే. దానికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇద్దరు 1964లో ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. కానీ మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే మా పాలమూరు ఎర్రమట్టి లేపే వాసనను ఇంకా ఎవరూ సీసాకెక్కించినట్టు లేదు. ఎవరైనా మన ఆడవాళ్ల కోసం కొత్త సెంటు తేదలిస్తే ఆ మట్టితో మొదలుపెట్టండి. కాస్త సాంబ్రాణి, కాసిని కచ్చూరాలు కలపండి. ధనియాలు మాత్రం ఒక పాలు మించొద్దు.