షోపాన్ వెంట వెళ్లిన జోలపాట

క్రిస్మస్ సెలవులకు ముందు మా మాస్టారు క్లాసులో ఒక పియానో సంగీతం వినిపించారు. మొదట ఎవరో కోపంతో తలుపులు బాదుతున్నట్టు ఉంది, నాకేమీ నచ్చలేదు. నడుమ ఉన్నట్టుండి నెమ్మదించి, ఉయ్యాల ఊపుతున్నట్టు ఒక రాగం వచ్చింది. "జోలపాటలా ఉంది సార్" అన్నాను. నిజంగానే జోలపాటట! బాల యేసును నిద్రపుచ్చుతూ పోలండ్‌లో క్రిస్మస్‌కి పాడతారట. అప్పటినుంచి దాని చరిత్ర వెతికాను.

కట్టినవాడు ఫ్రెడెరిక్ షోపాన్. 1810లో వార్సా దగ్గరి పల్లెలో పుట్టాడు. 1795 నాటికే రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పంచేసుకున్నాయి. పూర్తి స్వాతంత్ర్యం 1918లో గాని రాలేదు. 1824, 1825 వేసవుల్లో షోపాన్ షఫర్నియా అనే పల్లెలో స్నేహితుడి ఇంట గడిపాడు. అక్కడ కోతల పండగ పాటలు విన్నాడు. ఒక్క తీగే మిగిలిన పెద్ద వాయిద్యం పట్టుకుని తనూ వాయించేశాడు!

ఆ పల్లె ఆటల నుంచే అతని మజుర్కాలు పుట్టాయి, యాభైకి పైనే. వాటికి మూడు దెబ్బల నడక, కానీ ఊపు మొదటి దెబ్బ మీద కాక రెండోదాని మీదో మూడోదాని మీదో పడుతుంది. కొన్నిటిలో ఎడమ చెయ్యి మన తిత్తిలాగా ఒకే శ్రుతి పట్టుకుంటుంది. కొన్నిచోట్ల మన కల్యాణిలోలా ప్రతి మధ్యమం వినిపిస్తుందని మాస్టారు చూపించారు. షోపాన్ వాయిస్తుంటే హాలే అనే సంగీతకారుడికి మూడుకి బదులు నాలుగు దెబ్బలు వినిపించాయట. షోపాన్ ముందు ఒప్పుకోలేదు, తర్వాత నవ్వేసి, అది మా ఆట తీరే అన్నాడట.

1830 నవంబరులో అతను వార్సా విడిచాడు. అదే నెల 29న అక్కడ రష్యా మీద తిరుగుబాటు లేచింది. కూడా వచ్చిన స్నేహితుడు పోరాటానికి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ క్రిస్మస్‌కి షోపాన్ వియన్నాలో ఇంటికి దూరంగా ఉన్నాడు. నేను విన్న స్కెర్జో 1835లో అచ్చయింది. అతను మళ్లీ ఇంటికి వెళ్లనేలేదు. 1849లో పారిస్‌లో చనిపోతే, అక్క లుద్విక అతని గుండెను వార్సాకి తీసుకెళ్లింది.

బరంపురంలో మా మామ్మకి ఆ నడిమి భాగం వినిపించాను.

"మాటలేవే?" అంది.

"లేవు మామ్మా, పియానో ఒక్కటే."

"మరి జోలపాటని ఎలా తెలుస్తాది?"

పోలండ్ వాళ్లకి మాటలు ముందే వచ్చు కదా అన్నాను. మా తమ్ముడికి మామ్మ పాడే జోల రాగం వచ్చు, మాటలు రావు. ఆ రాత్రే నోటుబుక్కు తెరిచాను. ఇప్పటికి నాలుగు పాటలు రాసుకున్నాను. అయిదోదానిలో రెండు చరణాలు మామ్మకి గుర్తు రావడం లేదు.