ఏ చేపకి ఏ చేపతో పడుతుంది? ఉప్పునీటి అక్వేరియం వెనక కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక తప్పుతో మొదలుపెడతాను. నా తప్పే.

నా మొదటి ఉప్పునీటి ట్యాంక్‌లో ముందుగా ఒక నీలం డామ్సెల్ చేపని వేశాను. బొటనవేలంత ఉంటుంది, కానీ మహా మొండిది. నీళ్లు కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. నెల తర్వాత రెండు క్లౌన్ ఫిష్‌లు తెచ్చి వదిలాను. పొద్దున లేచి చూస్తే ఒకటి పంపు వెనక నక్కి ఉంది, తోక చీలికలు పీలికలు. మూడో రోజుకి పోయింది. నేను ఉప్పు కొలిచాను, వేడి కొలిచాను, అన్నీ బాగానే ఉన్నాయి. ఆ డామ్సెల్ ట్యాంక్ మొత్తాన్నీ తన ఇల్లు అనుకుంటోందన్న సంగతే చూడలేదు.

ఎక్కడ తప్పు చేశానా అని చదవడం మొదలుపెడితే తెలిసింది: ఎవరి పక్కన ఎవరిని పెట్టాలి అన్న ప్రశ్నకి సరైన జవాబు రావడానికి మనుషులకి వందేళ్లకు పైనే పట్టింది. ఆ కథ చూద్దాం.

లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1849లో ఒక గాజు తొట్టిలో గోల్డ్ ఫిష్‌నీ, వాలిస్నేరియా అనే నీటి మొక్కనీ పెట్టాడు. ఇది మంచినీళ్ల తొట్టే, సముద్రం సంగతికి ఆయన తర్వాత వచ్చాడు. లెక్క సింపుల్. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప వదిలినదాన్ని మొక్క వాడుకుంటుంది. కాగితం మీద పర్ఫెక్ట్. కానీ కొన్నాళ్లకి పాత ఆకులు కుళ్లి నీళ్లు పాడవడం మొదలైంది. అప్పుడు చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి. వాటి గుడ్లు చేపకి మేత అయ్యాయి. 1850లో ఈ ప్రయోగాన్ని ప్రచురించాడు. ఆ తర్వాత ఇదే పద్ధతిని సముద్రపు నీళ్లతో, సముద్రపు నాచుతో ప్రయత్నించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పొత్తు కుదరడం అంటే మనకి కొట్టుకోకపోవడమే గుర్తొస్తుంది. వారింగ్టన్ చూసిన పొత్తు వేరు. ఒకరి చెత్త ఇంకొకరికి తిండి అవ్వాలి. ఇవాళ మనం ఉప్పునీటి ట్యాంక్‌లో నత్తల్నీ, సన్యాసి పీతల్నీ వేసేది ఈ లెక్కతోనే.

1853లో లండన్ జూలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. దాని వెనక ఉన్నవాడు ఫిలిప్ హెన్రీ గాస్. మరుసటి ఏడాది, 1854లో, ఆయన అక్వేరియం మీద పుస్తకం రాశాడు. ఇంక చూస్కోండి, ఇంగ్లండ్‌లో పిచ్చి పట్టుకుంది. సుత్తి, ఉలి, జాడీలు పట్టుకుని జనం సముద్రం ఒడ్డుకి పరిగెత్తారు. రాళ్ల మధ్య నీటి గుంటల్లో దొరికిందల్లా తెచ్చి తొట్లో పడేశారు. పీతలు, సముద్రపు పువ్వులు, చిన్న చేపలు, అన్నీ ఒకే గాజు పెట్టెలో! ఎవరు ఎవరిని తింటారో తెలీదు. చాలా ఇళ్లలో ఆ తొట్లు ఎక్కువ కాలం నిలవలేదు. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన పుస్తకంలో, తన చిన్నప్పటి ఆ అందమైన తీరం ఎలా ఖాళీ అయిపోయిందో బాధపడుతూ చెప్పుకున్నాడు. తండ్రి ప్రేమతో రాసిన పుస్తకమే ఆ తీరాన్ని అలా చేసింది.

తర్వాత విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ వచ్చాడు. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో, జనానికి కనిపించే తొట్లలో కన్నా ఎక్కువ నీటిని కింద చీకట్లో రిజర్వాయర్‌లో నిలవ ఉంచి, ఆ నీటిని తిప్పుతూ ఉండేవాడు. నీళ్ల సమస్య అలా దారికొచ్చింది. మరి కొట్లాటల సంగతి?

దానికి జవాబు వెతికినవాళ్లలో ముఖ్యుడు కాన్రాడ్ లోరెంజ్, ఆస్ట్రియా శాస్త్రవేత్త. 1973లో నోబెల్ కూడా వచ్చింది. ఫ్లోరిడాలో పగడపు దిబ్బల దగ్గర నీళ్లలోకి దిగి చూశాడు, తర్వాత అక్వేరియంలో ఎవరు ఎవరిని కొరుకుతున్నారో లెక్కపెట్టించాడు. 1963లో వచ్చిన పుస్తకం ఈ కథతోనే మొదలవుతుంది. తేలింది ఏంటంటే, చేప ఎక్కువగా కొట్టేది పరాయి జాతిని కాదు, సొంత జాతినే!

ఎందుకు? మన సందులో రెండు టిఫిన్ సెంటర్లు పక్కపక్కనే పెడితే గొడవ. టిఫిన్ సెంటర్ పక్కన మొబైల్ షాపు పెడితే ఏ గొడవా లేదు. లోరెంజ్ కూడా ఇలా వృత్తుల పోలికే చెప్పాడు. ఒకే తిండి, ఒకే చోటు కావాల్సినవాళ్లే పోటీదారులు. సముద్రంలో అయితే ఓడినది ఈదుకుంటూ దూరంగా వెళ్లిపోతుంది. ట్యాంక్‌లో ఎక్కడికి వెళ్తుంది? పంపు వెనక్కి. నా క్లౌన్ ఫిష్ వెళ్లింది అక్కడికే.

అయితే లోరెంజ్ చెప్పినవన్నీ నిలబడలేదు. మెరిసే రంగులు "ఇది నా చోటు" అని చెప్పే బోర్డులన్నాడు. కానీ బటర్‌ఫ్లై చేపలు బోలెడన్ని రంగులతో ఉండి కూడా జంటగా కలిసి తిరుగుతాయి. క్లౌన్ ఫిష్ అయితే ఇంకా పెద్ద ట్విస్ట్. 1977లో ఫ్రికే దంపతుల పరిశోధనలో స్పష్టంగా తేలింది: గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, తర్వాతది మగది. ఆడది పోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. అంటే "ఫైండింగ్ నీమో"లో తల్లి పోయాక తండ్రి... సరే, పిల్లల సినిమా, వదిలేద్దాం. మనకి పనికొచ్చేది ఇది: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు లేత క్లౌన్ ఫిష్‌లని కలిపి తెచ్చుకుంటే జత కుదిరే అవకాశం ఎక్కువ.

ఈ కథ మొత్తాన్ని షాపులో నిలబడ్డప్పుడు వేసుకునే ప్రశ్నలుగా మారుద్దాం. దీని నోట్లో పట్టే చేప నా ట్యాంక్‌లో ఉందా? లయన్ ఫిష్ పక్కన చిన్న చేప అంటే భోజనమే. దీనికి కావాల్సిన తిండీ చోటూ ఇప్పటికే ఇంకొకరివా? ఒకేలాంటి రెండు టాంగ్‌లు చిన్న ట్యాంక్‌లో వద్దు. ముందు ఎవరు, చివర ఎవరు? నెమ్మదైనవాళ్లు ముందు, పోట్లాడేవాళ్లు చివర. నేను దీన్ని తిరగేసి చేశాను. చివరిగా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది? మన దేశంలో పగడాలూ, సముద్రపు గుర్రాలూ 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, వాటిని అడగకండి. క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పెంచే పద్ధతులు మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో తయారు చేసింది. హేచరీ పిల్లలు దొరికితే అవే కొనండి. గాస్ కాలంలో తీరాన్ని ఖాళీ చేసినవాళ్లు కూడా చేపలంటే ఇష్టంతోనే చేశారు.

ఇప్పుడు నా ట్యాంక్‌లో ఆ డామ్సెల్ ఒక్కటే ఉంది. దాన్ని వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు. దానికి తోడు కోసం కొత్త చేప కాదు, ముందు పెద్ద ట్యాంక్ వస్తోంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.