స్థలం చూడకముందే మధ్యవర్తిని చూడాలి

అగళి: ఇల్లు గానీ ఇంటి స్థలం గానీ కొనదలచినవారు, అమ్మదలచినవారు ఈ ప్రాంతంలో ముందుగా ఆశ్రయించేది మధ్యవర్తినే. ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ప్రారంభమైన తరువాత పెనుకొండ, హిందూపురం ప్రాంతాల భూములపై బెంగళూరు వారి కన్ను పడింది. కొడికొండ నుంచి హిందూపురం, మడకశిర మీదుగా కర్ణాటకలోని శిరకు వెళ్లే 544ఈ జాతీయ రహదారి పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవారూ తయారయ్యారు. బేరం కుదిర్చేవారికి కొదవ లేదు. వారిలో ఎవరిని నమ్మాలన్నదే సామాన్యుడి ముందున్న ప్రశ్న.

మొదట తేల్చుకోవలసింది ఆ మధ్యవర్తి ఎవరి మనిషి అన్నది. ఒకే వ్యక్తి ఇరుపక్షాల నుంచీ కమీషన్‌ తీసుకోవడం ఇక్కడ వాడుకలో ఉన్నదే. అందులో తప్పు పట్టవలసినది లేదు. అయితే ఆ సంగతి ఇద్దరికీ తెలిసి ఉండాలి. కొనేవారికి ఒక ధర, అమ్మేవారికి మరో ధర చెప్పి నడుమ మొత్తాన్ని మిగుల్చుకునేవారితోనే చిక్కు. ఇరుపక్షాలను ఒకచోట కూర్చోబెట్టి ధర మాట్లాడించడానికి వెనుకాడే మధ్యవర్తిని అక్కడికక్కడే వదులుకోవడం మేలు. కమీషన్‌ శాతమెంత, ఎప్పుడు చెల్లించాలి, బేరం చెడితే ఏమిటి అనేవి ముందే కాగితంపై రాసుకోవాలి. బంధువు కదా అని మొహమాటపడి రాసుకోనివారే తరువాత ఎక్కువగా గొడవ పడుతుంటారు.

రెరా నంబరు ఉందా?

స్థిరాస్తి నియంత్రణ చట్టం 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలవుతోంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో వేసే లేఅవుటును, ఎనిమిదికి మించి ఫ్లాట్లుండే భవనాన్ని అమ్మకానికి పెట్టేముందు రెరాలో నమోదు చేయాలి. అటువంటి వాటిలో ప్లాట్లు అమ్మించే ఏజెంటుకు కూడా సొంత నమోదు సంఖ్య ఉండాలి. తాను కుదిర్చే ప్రతి అమ్మకంలోనూ దానిని చూపాలి. నమోదు కాని లేఅవుటులో ప్లాటు అమ్మించకూడదు. లెక్కల పుస్తకాలు నిర్వహించాలి. బుకింగ్‌ సమయంలో కొనుగోలుదారుకు చెందవలసిన పత్రాలన్నీ అందించాలి. ఉల్లంఘించిన ఏజెంటుకు రోజుకు రూ.10 వేల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చు. ప్రమోటరు సైతం రిజిస్టరు ఒప్పందం చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. ఏజెంటు, లేఅవుటు నంబర్లు రెండింటినీ ఏపీ రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

పల్లెలో పాత ఇంటికి బేరం కుదిర్చే మధ్యవర్తికి మాత్రం ఈ నమోదు నిబంధన వర్తించదు. మన మండలంలో జరిగే బేరాలు ఎక్కువగా ఇటువంటివే. కనుక ఇక్కడ అతడి యోగ్యతను పత్రాల విషయంలో అతడు చూపే శ్రద్ధను బట్టి తూచాలి. మంచి మధ్యవర్తి స్థలం చూపించిన రోజే లింకు డాక్యుమెంట్ల నకళ్లు చేతికిస్తాడు, ఈసీ తీయమని తానే చెబుతాడు. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే లభిస్తుంది. అంతకుముందు లావాదేవీలకు సబ్‌రిజిస్ట్రార్‌ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. సాగు భూమిలో వేసిన స్థలమైతే 1-బీ, అడంగల్‌ చూడాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పాత నంబరు మాత్రమే చెప్పి దాటవేసేవారిని కొత్త నంబరు అడగాలి. గ్రామకంఠంలోని ఇంటికి పంచాయతీ పన్ను రసీదు ఒక్కటే చూపితే చాలదు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు.

డీకేటీ పట్టా భూముల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1977 నాటి అసైన్డ్‌ భూముల చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2023లో సవరణ ద్వారా హక్కు కల్పించినా, ఆ భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం నిలిపివేసింది. ‘త్వరలో అన్నీ క్రమబద్ధమవుతాయి, ఈలోగా కొని ఉంచుకోండి’ అని చెప్పే మధ్యవర్తికి పోయేది ఏమీ లేదు, అతడి కమీషన్‌ అతడికి ముడుతుంది. రిజిస్ట్రేషన్‌ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందో లేదో కొనేవారే స్వయంగా చూసుకోవాలి.

ఈసీలో కనిపించనివీ ఉన్నాయి. కుటుంబంలోని ఆడపిల్లల వాటా వాటిలో ముఖ్యమైనది. ఎన్టీ రామారావు హిందూపురం ఎమ్మెల్యేగా ఉంటూ ముఖ్యమంత్రిగా పనిచేసిన కాలంలోనే, 1986లో, పూర్వీకుల ఆస్తిలో కుమార్తెలకు వాటానిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2005లో దేశమంతటా ఆ హక్కు విస్తరించింది. అయినా ‘చెల్లెళ్ల సంతకాలు అక్కర్లేదు, అన్నదమ్ములు చేస్తే చాలు’ అనే మాట నేటికీ వినిపిస్తూనే ఉంది. ఆ మాట మధ్యవర్తి నోట వస్తే బేరం అక్కడే ఆపేయాలి.

అమ్మేవారికీ చిక్కులే

మోసపోయేది కొనేవారేనని అనుకుంటారు గానీ, అమ్మేవారి నష్టమూ తక్కువేమీ కాదు. కొందరు మధ్యవర్తులు స్వల్ప మొత్తం సంచకారంగా ఇచ్చి, అగ్రిమెంటును తమ పేరునే రాయించుకుంటారు. గడువు ఏడాదో, రెండేళ్లో పెడతారు. ఈలోగా ఎక్కువ ధరకు మరొకరు దొరికితే లాభం వారిది. దొరకకపోతే స్థలం యజమాని చేతిలో ఉన్నా అమ్ముకునే వీలుండదు. అగ్రిమెంటు ఆధారంగా, గడువు తీరిన తరువాత మూడేళ్ల లోపు కోర్టుకు వెళ్లే అవకాశం వారికి ఉంటుంది. బిడ్డ పెళ్లికో, చదువుకో స్థలం అమ్మదలచిన కుటుంబం ఇటువంటి వ్యాజ్యంలో చిక్కుకుంటే అవసరం దాటిపోతుంది, డబ్బు మాత్రం చేతికి రాదు. కొనే వ్యక్తి పేరుతోనే అగ్రిమెంటు రాయాలని, గడువు మూడు నెలలకు మించకూడదని అమ్మేవారు పట్టుపట్టాలి. జీపీఏ రాసివ్వమని అడిగితే అసలే ఒప్పుకోరాదు. జీపీఏ ద్వారా జరిగే అమ్మకంతో యాజమాన్య హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది.

నగదు విషయం మరొకటి. 2015 జూన్‌ 1 నుంచి స్థిరాస్తి బేరంలో రూ.20 వేలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోరాదు. తీసుకున్న వారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మధ్యవర్తి చేతికి సొమ్ము ఇవ్వడం కంటే అమ్మేవారి ఖాతాకే నేరుగా పంపడం క్షేమం.

సరిహద్దు దాటితే

అగళి, రొళ్ల, అమరాపురం వాసులు శిర, మధుగిరి, తుమకూరులలో స్థలాలు కొనడం కొత్త కాదు. భాష తెలిసినదే, బంధుత్వాలూ ఉన్నాయి. కానీ చట్టం అమలు చేసే కార్యాలయాలు వేరు. ఏపీ రెరాలో నమోదైన ఏజెంటు ఆ నంబరుతో కర్ణాటక లేఅవుటులో ప్లాటు అమ్మించడానికి వీల్లేదు, అక్కడి రెరా నమోదు విడిగా ఉండాలి. అక్కడ పొలానికి పహణి, పంచాయతీ పరిధిలోని ఇంటి స్థలానికి ఇ-స్వత్తు ఫారం 9, 11 అడగాలి. ఈసీ కావేరి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కన్నడం మాట్లాడగలిగినా చదవలేనివారు మనలో చాలామందే ఉన్నారు. అటువంటివారు మధ్యవర్తి చదివి వినిపించిన దానిపై ఆధారపడక, అతడితో సంబంధం లేని న్యాయవాది చేత చెక్కుబందీతో సహా చదివించుకోవాలి.

ఏజెంటుపై ఫిర్యాదు ఉంటే, రెరా పరిధిలోని లేఅవుటు విషయమైతే ఆ సంస్థకు, మిగిలిన సందర్భాలలో రాతపూర్వక ఒప్పందం, చెల్లింపు రుజువులతో వినియోగదారుల కమిషన్‌ను గానీ సివిల్‌ కోర్టును గానీ ఆశ్రయించవచ్చు. కమీషన్‌లో అధిక భాగాన్ని రిజిస్ట్రేషన్‌ పూర్తయి, దస్తావేజు చేతికి వచ్చిన రోజున చెల్లించేలా మొదటే మాట్లాడుకోవాలి.