కోచ్: బండి నుంచి బడి దాకా

అమెరికాలో మన తెలుగు ఇళ్ళలో "కోచ్" అన్న మాట వినపడని వారం ఉండదు. శనివారం పొద్దున్నే పిల్లల సాకర్ కోచ్, సాయంత్రం స్పెల్లింగ్ బీ కోచ్. ఇండియా వెళ్దామంటే విమానంలో కోచ్ క్లాసు టిక్కెట్టు, అక్కడ దిగాక రైల్లో ఎస్-7 కోచ్. ఇంటికి ఫోను చేస్తే మేనల్లుడు ఐఐటీ కోచింగులో చేరాడన్న కబురు. బండికీ, పాఠం చెప్పే మనిషికీ ఒకే పేరేమిటని తీగ లాగితే, డొంకంతా హంగరీలో ఒక పల్లెటూళ్ళో కదిలింది.

ఆ ఊరి పేరు కొచ్. బుడా నగరం నుంచి వియన్నా వెళ్ళే దారిలో ఉంది. 15వ శతాబ్దంలో, మత్యాష్ రాజు (1458-1490) ఏలుబడిలో, అక్కడి పనివాళ్ళు తేలికగా, వేగంగా పరుగెత్తే గుర్రబ్బండ్లు చేసి పేరు తెచ్చుకున్నారు. వాటిని "కొచి సెకేర్" అన్నారు. అంటే కొచ్ ఊరి బండి. మనం వెంకటగిరి చీర, కొండపల్లి బొమ్మ అన్నట్టే. కాలక్రమాన "బండి" రాలిపోయి ఊరిపేరే బండి పేరయింది. జర్మన్లకది కుట్షె, స్పానిష్ వాళ్ళకు కోచె. 16వ శతాబ్దం నడిమికల్లా ఇంగ్లీషులో కోచ్ అయి కూర్చుంది. ఇవాళ హంగరీలో కొచి అన్నా, స్పెయిన్లో కోచె అన్నా కారే.

రైళ్ళు వచ్చాక గుర్రాలు పోయాయి గాని పేరు పోలేదు. ఇంగ్లండులో తొలినాటి రైలు పెట్టెలను గుర్రపు కోచ్‌ల మాదిరిగానే కట్టారు. మనం మాత్రం పెట్టెను "బోగీ" అంటాం. ఇంజనీర్ల లెక్కలో బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం! అమెరికా రైళ్ళలో మామూలు తరగతి పెట్టెకున్న కోచ్ పేరే తర్వాత విమానమెక్కింది.

ఇక మనిషి సంగతి. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మేష్టారిని వేళాకోళంగా "కోచ్" అనడం మొదలుపెట్టారు. ఎక్కి కూర్చుంటే చాలు, ఆయనే మోసుకుపోతాడని. 1860ల నాటికి ఆ మాట ఆటల్లోకీ పాకింది.

కేంబ్రిడ్జిలో ఈ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలైంది. అక్కడి గణితం పరీక్ష పేరు ట్రైపాస్. మొదటి ర్యాంకు వచ్చినవాణ్ణి సీనియర్ రాంగ్లర్ అనేవారు. కాలేజీ పాఠాలు ఆ పరీక్షకు చాలవు కనుక, వేరే ఫీజు కట్టి కోచ్ దగ్గర చేరేవారు. కాలేజీ ఒకచోట, కోచింగు ఒకచోట అన్నది మన గుంటూరులోనో విజయవాడలోనో పుట్టింది కాదన్నమాట! విలియం హాప్కిన్స్ అక్కడ పేరుమోసిన కోచ్. 1854లో ఆయన శిష్యుల్లో ఎడ్వర్డ్ రౌత్‌కు మొదటి ర్యాంకు, జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్‌కు రెండో ర్యాంకు వచ్చాయి. రౌత్ తానూ కోచ్ అయి పాతిక మందికి పైగా సీనియర్ రాంగ్లర్లను తయారుచేశాడు. కంట్రోల్ సిస్టమ్స్ పరీక్షకు నేను వల్లెవేసిన రౌత్-హర్విట్జ్ సూత్రంలో రౌత్ ఈయనే. రెండో ర్యాంకు మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలతో భౌతికశాస్త్రాన్నే మలుపు తిప్పాడు. ఇద్దరూ ఎక్కింది ఒకే కోచ్. దిగాక ఎవరి నడక వారిదే.

"ట్రైన్" కథా ఇలాంటిదే. దాని మూలం "ఈడ్చు" అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట. రైలూ ట్రైనే, శిక్షణా ట్రైనింగే. ఒకటి మోసుకుపోతుంది, ఒకటి ఈడ్చుకుపోతుంది. రెంటిలోనూ విద్యార్థి సామానే!

మన దగ్గర బండికీ గురువుకీ కుదిరిన చుట్టరికం వేరు. కృష్ణుడు పార్థసారథి. రథం తోలాడు, గీత చెప్పాడు, గాండీవం మాత్రం ముట్టలేదు. బాణం వేయాల్సింది అర్జునుడే. అదే యుద్ధంలో శల్యుడు కర్ణుడికి రథం తోలుతూ అడుగడుక్కీ నిరుత్సాహపరిచాడు. అందుకే శల్య సారథ్యం అన్న నానుడి మిగిలింది. పిల్లవాడి మ్యాచ్ జరుగుతుంటే గీత అవతల నిలబడి కేకలేసే నాన్నలం ఏ సారథి బాపతో ఎవరికి వారం ఆలోచించుకోవచ్చు.

ఎంసెట్ కోచింగు, ఆపైన అమీర్‌పేటలో జావా కోచింగు ఎక్కి ఈ దేశం దాకా వచ్చిన తరం మాది. ఎక్కినందుకు నాకు చిన్నతనమేమీ లేదు. ఊళ్ళో నాన్న చూపలేని దారి ఆ బండి చూపింది. కాని మా పిల్లలకు ఆ దారి కొరత లేదు. అయినా ఒక కోచ్ దించగానే ఇంకో కోచ్ ఎక్కిస్తున్నాం. ఇకపై కొత్త కోచింగుకు చెక్కు రాసే ముందు, ఈ బండి వాణ్ణి ఎక్కడ దింపుతుందని అడుగుదామనుకుంటున్నాను. దిగేచోటు తెలియకుండా మనమైతే ఏ రైలూ ఎక్కం కదా.