మూడేళ్ళ ఆదివారాలు

ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. భాగింపబడేది సంయుక్త సంఖ్య. చిన్నప్పుడు అందరమూ వల్లె వేసిన ముక్కే. పాపం, 1 మాత్రం ఈ రెండు పంక్తుల్లోనూ కూర్చోదు. ఒకప్పుడు దానికీ పీట వేసినవారున్నారు లెండి. 1914లో లేమర్ అచ్చువేయించిన ప్రధాన సంఖ్యల పట్టిక 1తోనే మొదలవుతుంది.

ఒక సంఖ్యను సంయుక్తమనాలంటే దాని కారణాంకాలను చూపించి తీరాలని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని చెదరగొట్టింది ఒక ఫ్రెంచి సన్యాసి చేసిన పొరపాటు.

2 యొక్క 3వ, 5వ, 7వ ఘాతాల నుండి ఒకటి తీసివేస్తే 7, 31, 127 వస్తాయి. మూడూ ప్రధాన సంఖ్యలే. ఘాతాంకం ప్రధాన సంఖ్యైతే చాలు కాబోలు అనిపిస్తుంది. కానీ 11 దగ్గర బండి ఆగిపోతుంది: 2047 అంటే 23 × 89. మరి ఏ ఘాతాంకాలకు కుదురుతుంది? 257 వరకు కుదిరేవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమేనని 1644లో మెర్సెన్ ప్రకటించాడు. ఎలా తెలిసిందో చెప్పలేదు. నిజానికి 67, 257 తప్పులు. 61, 89, 107 ఆయన విడిచిపెట్టినవి. అయినా 67 సంగతి తేల్చడానికి రెండు శతాబ్దాలు దాటింది. తేల్చవలసిన సంఖ్య 147573952589676412927 మరి!

1876లో ఎడ్వర్డ్ లూకా అది సంయుక్తమేనని నిరూపించాడు. ఒక్క కారణాంకమైనా చూపకుండా! ఇదెలా సాధ్యం? లూకా పద్ధతి వేరు గాని, ఆ తీరు తెలియడానికి ఫెర్మా సూత్రం చాలు. 2 కాక మరే ప్రధాన సంఖ్యనైనా తీసుకుని, దానికంటే ఒకటి తక్కువైన ఘాతానికి 2ను హెచ్చించి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి. 7కు చూస్తే 64లో శేషం 1. 15కు చూస్తే 16384లో శేషం 4. కనుక 15 ప్రధాన సంఖ్య కాదు. 3, 5 అన్న మాటే ఎత్తలేదు చూడండి! దొంగ ఇంట్లో ఉన్నాడని తెలిసింది. ఏ మూల దాక్కున్నాడో తెలియలేదు.

ఆ మూలను వెదికినవాడు అమెరికన్ గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్కు సభలో ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా నల్లబల్ల మీద 2 యొక్క 67వ ఘాతం కట్టి, ఒకటి తీసివేసి, పక్కనే 193707721ని 761838257287తో గుణించి, రెండూ సమానమని చూపి కూర్చున్నాడట. సభ చప్పట్లతో మారుమోగిందట. దీనికెంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలన్నాడని ఎరిక్ టెంపుల్ బెల్ రాశాడు. బెల్ కథలకు కొంత ఉప్పూకారం దట్టించే మనిషి. ఆ మౌనం సంగతి నేను పూర్తిగా నమ్మను. కారణాంకాలు మాత్రం నిక్కచ్చి.

లూకా చూపిన దారి నేటికీ పాతబడలేదు. 2024 అక్టోబరులో ప్రకటించిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను రూఢి చేసుకున్నది ఆ పద్ధతికి తర్వాత వచ్చిన మెరుగుతోనే. కోల్ ఆదివారాలను ఇప్పటి కంప్యూటరు రెప్పపాటులో మింగేస్తుంది.

అయినా ఉండబట్టలేక ఆ రెండు సంఖ్యలనూ నేను కాగితం మీద గుణించాను. వెదకడం కాదు, వట్టి గుణకారమే. మూడోసారికి గాని ఇరవైయొక్క అంకెలూ కుదరలేదు.