ఎంత మచ్చు చాలును?

గుంటూరు సీమలోని నల్లరేగడి చేలన్నియు ఒకే తీరున పండవు. ఒక చేనిలో ప్రత్తి విరగకాయును. గట్టు దాటినచో పూత రాలిపోవును. ఇట్టిచోట జిల్లా సగటు పంట ఎంతయని చెప్పుట ఎట్లు?

బ్రిటిషు పాలనలో దానిని కంటిచూపుతో అణాలలో అంచనా వేసెడివారు. శిస్తు తగ్గింపు ఆ అంచనాపై ఆధారపడెడిది. 1918లో గుజరాతులోని ఖేడా జిల్లాలో పంట నాలుగణాలకు మించలేదని రైతులు, మించినదని అధికారులు పట్టుబట్టగా, గాంధీజీ నాయకత్వమున సత్యాగ్రహమే జరిగినది.

చూపునకు బదులు కొలతను తెచ్చినవారిలో హబ్బాక్ ముఖ్యుడు. 1923–25లో ఆయన బీహారు, ఒరిస్సాలలో లాటరీవలె ఎంచిన చోట్ల చిన్న తునకలలో వరి కోయించి తూచెను. పిదప మహలనోబిస్ బెంగాలులో జనపనారకును, పాన్సే, సుఖాత్మేలు ప్రత్తి మున్నగు పంటలకును ఇట్టి పద్ధతులను పెంపొందించిరి.

ఎన్ని తునకలు కోయవలెను? జిల్లా ఎంత పెద్దదనుటకంటె, పంట చోటుచోటుకు ఎంత మారుచున్నదనుటే ముఖ్యము. ఆ మార్పు సగటులో నూటికి 40 వంతులనుకొందము. 16 తునకలు కోసిన, సగటులో ప్రామాణిక దోషము నూటికి 10. 64 కోసిన 5. అనగా దోషము సగమగుటకు మచ్చు నాలుగింతలు కావలెను. ప్రత్తిని, మిరపను పలుమార్లు ఏరుదురు గనుక ప్రతి తునకకును పలుమార్లు పోవలెను, ఖర్చు పెరుగును.

నేర్పుతో ఈ శ్రమ తప్పునా? ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి.ఆర్. రావు 1945లో, పక్షపాతము లేని ఏ అంచనా యందైనను దోషమునకు కనీసపు హద్దు కలదని నిరూపించెను. స్వతంత్ర పరిశీలనలు పెరిగినకొలది ఆ హద్దు తగ్గును.

అయినను సంఖ్యయే సర్వస్వము కాదు. మరీ చిన్న తునకలలో అంచున నున్న మొక్కలు కోతలో కలిసి, పంట ఎక్కువగా కనబడునని సుఖాత్మే చూపెను. అట్టి తప్పు వేయి తునకలు కోసినను పోదు.

ఈ పంటల లెక్కలే జాతీయాదాయపు లెక్కలలో చేరును. ఆ ఆదాయపు పోకడకు సమీకరణములు కట్టువారికి ఒక్కొక్క సంవత్సరమే ఒక తునక. 1950–51 నుండి లెక్కించినను అట్టివి నూరు లేవు. ఒక ఏటి ఛాయ మరుసటి ఏటిపై పడును. 1991 సంస్కరణలకు ముందు వెనుకల యేండ్లు ఒకే చేనివి కావు. ఏండ్లను పెంచలేము గనుక సమీకరణములలోని తెలియని రాశులను తగ్గించుకొనవలెను. మచ్చు చిన్నదైనపుడు చెప్పు మాటయు మితముగా నుండవలెను.